సముద్రం వైపు చూపిన వేలు

శాలువాల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదుంది. చలికి కప్పుకోడానికి పుట్టిన గుడ్డని మే నెల మిట్టమధ్యాహ్నం, ఫ్యాన్లు ఆలోచించి ఆలోచించి తిరిగే హాల్లో మనిషి మెడ చుట్టూ కప్పి, ఫొటో అయ్యేదాకా తీయకూడదనే ఆచారం ఎవరు పెట్టారో నాకు తెలియదు. తెలిస్తే ఆయన్ని పిలిచి, ఎండలో నిలబెట్టి, ఒక శాలువా కప్పుదామని ఉంది. ఈ శాలువాల్లో నూలు పోగు ఒక్కటీ ఉండదు. అంచు మాత్రం బంగారు రంగులో మెరుస్తుంది. చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు. మా ఆవిడ వీటిని బీరువా అడుగున సర్దింది. బీరువా నిండాక మంచం కింద పెట్టింది. మంచం కింద కూడా నిండాక, ఇక సభలకు వెళ్లొద్దని నాతో చెప్పింది.

అయినా వెళ్లాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మండల విలేకరులకు వాతావరణ మార్పుల మీద వార్తలు రాయడం నేర్పాలని పిలుపొచ్చింది. ముంచుకొచ్చే ప్రమాదాలను ఎలా రాయాలి, వాటికి జనం వెతుక్కుంటున్న దారులను ఎలా రాయాలి, ఇదీ పాఠం. దారి పొడుగునా ఆగుతూ, చూస్తూ, చివరికి సముద్రం ఒడ్డున ఒక పల్లెకు చేరి, అక్కడే కూర్చుని ఒక వార్త రాయించాలి. నేను పత్రికలో ముప్పై ఏళ్లు డెస్కు మీద కూర్చుని ఇతరుల వాక్యాలు కొట్టేసినవాణ్ణి. కాబట్టి వాక్యాల గురించి కొంచెం తెలుసు. వాతావరణం గురించి చదువుకున్నాను. మనుషుల గురించి కూడా తెలుసనే అనుకుని బయల్దేరాను.

విజయనగరంలో భానుడు

మండల విలేకరి ఎవరో తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. జీతం అని గట్టిగా అనలేని జీతం, సొంత మోటారు సైకిలు, సొంత పెట్రోలు, పండగొస్తే ప్రకటనలు తెమ్మని పైనుంచి ఫోన్లు. దొంగతనం జరిగినా, ఆవు బావిలో పడినా, ఎవరో రిబ్బను కత్తిరించినా ఒకే మనిషి వెళ్లాలి. భూగోళం వేడెక్కుతున్న సంగతి కూడా ఆ మనిషే చూసుకోవాలని ఇప్పుడు మేం చెప్పడానికి వచ్చాం. వాళ్లు చాలా మర్యాదగా విన్నారు.

మొదటి శాలువా కప్పించుకున్నాక, మొదటి గంటలోనే ఒక నిషేధం ప్రకటించాను. ఎండల వార్తకి ‘భానుడి భగభగ’ అని శీర్షిక పెట్టకూడదు.

“మరేటని పెట్టాల సార్?” అన్నాడు చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక సీనియర్ విలేకరి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ.

“ఎండ ఎంతుంది, ఎవరికి ఏమైంది, దానికి వాళ్లేం చేసుకుంటున్నారు. అది పెట్టండి.”

“పెడతాం సార్. పెట్టే పంపుతాం. డెస్కులో కూకున్నోళ్లు దాన్ని భానుణ్ణి సేసేస్తారు. మేం ఎక్కించం సార్ ఆయన్ని. దార్లో ఆయనే ఎక్కుతాడు.”

హాలంతా నవ్వింది. ఆ డెస్కులో కూర్చున్నది నేనేనని అప్పుడే చెప్పడం అంత అవసరం కాదనిపించి మంచినీళ్లు తాగాను.

తరవాత తెరమీద కొన్ని ఫొటోలు చూపించాను. మన జిల్లా పేజీల్లో ఫొటో పడాలంటే మనిషి వేలు చూపించాలి. గొయ్యి వార్తయితే గొయ్యి వైపు, రాని కుళాయి వార్తయితే కుళాయి వైపు, విరిగిన గేటయితే గేటు వైపు. గొయ్యి ఎదురుగానే ఉంటుంది, అందరికీ కనబడుతూనే ఉంటుంది. అయినా వేలు ఉండాలి. ఈ ఫొటోలన్నీ ఒక పుస్తకంగా కుడితే, మన జాతి మొత్తం ఏదో ఒకదాన్ని చూపిస్తూ నిలబడిపోయిందని బయటి దేశాలవాళ్లు అనుకోవచ్చు. ఇది చెబితే బాగా నవ్వారు. అందరూ ఆ ఫొటోలు తీసినవాళ్లే.

ఆ తరవాత, వార్త ఇలా రాయాలి అని ఒక నమూనా చూపించాను. కోటబొమ్మాళి విలేకరి లక్ష్మణరావు ఆ మధ్య రాసింది. భావనపాడు వైపు తీరంలో ఒక చిన్న పల్లె, భావనపాడు కాదు. పేరు రాయను, ఎందుకు రాయనో కాసేపట్లో మీకే తెలుస్తుంది. సముద్రం ఆ పల్లె ఒడ్డును ఏటేటా ఎలా కోసుకుంటోందో అందులో ఉంది. బంగారమ్మ అనే ఆవిడ మాటలున్నాయి. “మా అత్త కాపరానికొచ్చినప్పుడు సముద్రం అల్లక్కడ ఉండేది. నేనొచ్చేసరికి ఇక్కడికొచ్చింది. కోడలొచ్చేసరికి ఎక్కడుంటాదో” అని. పక్కన ఆవిడ ఫొటో. వేలు చూపిస్తూనే ఉంది, సముద్రం వైపు.

“ఇదిగో, ఈ వేలికి అర్థముంది” అన్నాను. ‘నేడో రేపో సముద్ర గర్భంలోకి!’ అన్న శీర్షికలో ఆశ్చర్యార్థకం ఒకటి ఎక్కువైందని మాత్రం అన్నాను. అందరూ వెనక్కి తిరిగి లక్ష్మణరావుకి చప్పట్లు కొట్టారు. సన్నగా, నల్లగా, ముప్పై అయిదేళ్లలోపు మనిషి. లేచి నిలబడి, పరామర్శకు వచ్చినవాళ్లకి దండం పెట్టినట్టు రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. వినయం అనుకున్నాను.

సాయంత్రం వాళ్లే నన్ను బజారుకు తీసుకెళ్లారు. కోట దగ్గర బండి మీద ముంత కింద పప్పు పొట్లం కట్టించారు. మరమరాలు, పప్పులు, ఉల్లిపాయ, నిమ్మకాయ, పైన చల్లిన కారం. గుంటూరు వాణ్ణని తెలిసి బండివాడు నావైపు జాలిగా చూసి, కారం ఇంకో చిటికెడు వేశాడు. “సాల్తాదా బాబూ?” అన్నాడు. చాలదని చెప్పడానికి మొహమాటపడి తినేశాను. డబ్బులు ఎవరినీ ఇవ్వనివ్వకుండా చీపురుపల్లి ఆయన ఇచ్చేశాడు. ఆ నాలుగు రోజుల్లో నేను కొనుక్కున్న టీలు చాలా తక్కువ. మావైపు ‘ఏమండీ’ అని పిలిచి కూడా గట్టిగా తిట్టగలరు. ఇక్కడ ‘ఒరే’ అని పిలిచి అన్నం పెడతారు. ఏది మర్యాదో నేను ఈ వయసులో మళ్లీ ఆలోచించుకోవలసి వచ్చింది.

పొందూరులో ఒక ప్రశ్న

మర్నాడు వ్యానులో పొందూరు చేరాం. విలేకరుల్ని నేత పని చూసి రమ్మని వదిలి, నేను ఒక వడికే ఆవిడ ఇంటి అరుగు మీద చేరాను. డెబ్భై ఏళ్లుంటాయి. పత్తిని చేప దవడతో దువ్వుతోంది. వాలుగ చేప దవడ అట. సన్నటి పళ్లుంటాయి, పత్తిలో నలక మిగలనివ్వవు. చేప నోట్లోంచి ఖద్దరు పంచె వస్తుందని నాకు ఇన్నేళ్లు తెలియకపోవడానికి కారణం, నేను ఎప్పుడూ అడగకపోవడమే.

“ఏం పని సేస్తావు బాబూ?” అంది, చేతి పని ఆపకుండా.

“వాతావరణం గురించి పేపర్లో రాయడం నేర్పుతానమ్మా.”

“అయితే వోన ఎప్పుడొస్తాదో సెప్తావేటి?”

“లేదమ్మా, అది చెప్పలేను.”

“తుపానొస్తాదో రాదో?”

“అది వాతావరణం ఆఫీసు వాళ్లు చెబుతారు.”

“మరి నువ్వేటి నేర్పుతావు?”

జవాబు ఆలోచిస్తుండగా ఆవిడే జాలిపడి మజ్జిగ ఇచ్చింది. ఉప్పు, అల్లం, కరివేపాకు. అంత మంచి మజ్జిగ అంత తేలికైన పరీక్షలో తప్పినవాడికి ఇవ్వక్కర్లేదు.

అక్కడే ఒక ఖద్దరు కండువా కొన్నాను. ధర విన్నాక దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను. అమ్మే ఆయన అది మెచ్చుకోలు అనుకుని, ఇంకో సన్నరకం కూడా తీసి చూపించాడు. కానీ మెడ మీద వేసుకోగానే తెలిసింది. చెమట పీల్చింది, గాలి ఆడింది, బరువన్నదే లేదు. అదే పూట ఇంకో శాలువా కప్పారు. ఖద్దరు పుట్టిన ఊళ్లో పాలిస్టరు శాలువా. ఆ కండువా మీదే కప్పించుకుని ఫొటో దిగాను.

తిరిగి వ్యాను దగ్గరకు నడుస్తుంటే లక్ష్మణరావు పక్కకొచ్చాడు. అప్పటిదాకా నాతో పెద్దగా మాట్లాడలేదు.

“సార్, ప్రమాదం గురించి రాయడం సెప్పేరు. బాగుంది. రాసింతర్వాత దాన్ని ఎనక్కి తీసుకోవడం కూడా నేర్పుతారా?”

“తప్పు రాస్తే సవరణ వేయాలి లక్ష్మణరావ్.”

“తప్పు కాదు సార్. రాసింది నిజమే.”

“నిజమైతే వెనక్కెందుకు?”

అతను చెప్పుతో ఒక రాయిని పక్కకు నెట్టాడు. “రేపు మా ఇంటికి భోజనానికి రండి సార్. అక్కడ తెలుస్తాది” అన్నాడు.

కోటబొమ్మాళిలో రాయబారం

కోటబొమ్మాళి స్టేషన్‌కి దగ్గర్లోనే లక్ష్మణరావు ఇల్లు. రెండు గదులు, ముందు తాటాకు పందిరి. చుట్టూ కోసిన వరిచేల మొదళ్లు ఎండకు తెల్లబడి ఉన్నాయి. అతను డిగ్రీ చదివి ఇక్కడ స్థిరపడ్డాడు గానీ, పుట్టింది సముద్రం ఒడ్డున, వేటకెళ్లే ఇంట్లో. భార్య పార్వతిది నేను పేరు రాయనన్న ఆ పల్లే.

విస్తరి ముందు కూర్చోగానే, ఇంట్లో ఏదో తేడాగా ఉందని నాకు అర్థమైంది. పార్వతి నాతో నవ్వుతూ మాట్లాడుతోంది. మొగుడితో మాట్లాడటం లేదు. నా ద్వారా మాట్లాడుతోంది.

“మీ శిష్యుణ్ణి పులుసు కావాలేటో అడగండి సార్.”

“లక్ష్మణరావ్, పులుసు కావాలా?”

“కావాలని సెప్పండి సార్.”

“కావాలట అమ్మా.”

“నిన్న కూడా కావాలన్నాడు, సగం ఒగ్గేసేడని సెప్పండి.”

ఐక్యరాజ్య సమితిలో ఇంతకంటే తక్కువ పనికి మనుషులు జీతాలు తీసుకుంటున్నారు. నేను రెండువైపులా మాటలు మోస్తూనే తిన్నాను. ఎందుకంటే ఆ పులుసు మానేయదగ్గది కాదు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట నిషేధిస్తారు. పడవలు ఒడ్డెక్కుతాయి, పచ్చి చేప దొరకదు. అందుకని ఎండు నెత్తళ్లు, వంకాయ, పుల్లమామిడి వేసి వండింది. పక్కన ఆవ పెట్టిన పనసపొట్టు కూర. మావైపు పులుసులో బెల్లం వేస్తే కోడలిని పుట్టింటికి పంపిస్తారు. ఇక్కడ చిన్న బెల్లం ముక్క పడింది, అది ఉన్నట్టు తెలియలేదు, లేకపోతే మాత్రం తెలిసేది. మూడోసారి వడ్డించుకున్నాను. అప్పుడు పార్వతి గోడకానుకుని కూర్చుని అసలు సంగతి చెప్పింది.

వార్తలో వేలు చూపించిన బంగారమ్మ ఎవరో కాదు, పార్వతి తల్లి. అంటే లక్ష్మణరావు అత్తగారు.

“మా తమ్ముడికి సమ్మందం కుదిరింది సార్. భోగాపురం అవతల ఒడ్డునే, సూరయ్య మావ కూతురు. పిల్లా పిల్లోడూ ఇష్టపడ్డారు. ముహూర్తం ఎట్టించుకోడమే తరువాయి. ఇంతలో ఈయన గారు పేపర్లో ఏసేడు, ఊరు ములిగిపోతాదని. సూరయ్య మావ ఆ పేపరు మడతెట్టి జేబులో ఎట్టుకుని తిరిగేడు. సముద్రంలో కలిసిపోయే ఊరికి పిల్లనెలగ ఇస్తాను, అంటన్నది నాను కాదు గదా, పిల్లోడి తల్లే ఏలెట్టి సూపిస్తన్నాది కదా అన్నాడు.”

“ఫొటో బాగుంటాదని నానే ఏలు సూపించమన్నాను” అన్నాడు లక్ష్మణరావు విస్తరిలోకి చూస్తూ. “అత్త వద్దంది. అత్తా, ఏలు నేకపోతే ఫొటో పడదు అన్నాను.”

ఆ రోజు హాల్లో నేనన్న మాట గుర్తొచ్చింది. ఈ వేలికి అర్థముంది.

“వేట నిషేధం ముగిసేలోపు పెళ్లి అయిపోవాలి సార్” అంది పార్వతి. “మగోళ్లందరూ ఊళ్లో ఉండేది ఈ రోజుల్లోనే. అది ఎత్తేస్తే మా తమ్ముడు గుజరాత్ పోతాడు, బోట్ల మీద పనికి. మళ్లీ వచ్చే ఎండాకాలమే. అప్పటిదాకా ఆ పిల్లని సూరయ్య మావ ఉంచుతాడేటి? ఇంకెవలికో ఇచ్చేస్తాడు.”

“ఊళ్లో వాళ్లేమంటున్నారు?” అని లక్ష్మణరావుని అడిగాను.

“సగం మంది దండం ఎడతన్నారు సార్. వార్త పడ్డాకే కదా ఆఫీసర్లొచ్చి ఒడ్డు కొలుసుకున్నారు, రాళ్ల గోడ కడతామన్నారు. మిగతా సగం మంది తిడతన్నారు. ఆల ఇళ్లల్లోనూ పెళ్లికెదిగినోళ్లు ఉన్నారు.”

“నీ ఇంట్లో?”

“నా ఇంట్లో సగం సగం నేదు సార్.”

పార్వతి లేచి మజ్జిగ తెచ్చింది. మొగుడి గ్లాసు కూడా నాకే ఇచ్చి, అతని ముందు పెట్టమంది.

పేరు రాయని ఊరు

చివరి రోజు పొద్దున్నే మా వ్యాను ఆ పల్లెకు చేరింది. పార్వతి కూడా మాతో వచ్చింది. ఒడ్డున పడవలు వరసగా బోర్లా పడుకుని ఉన్నాయి. వలలు బాగుచేయాల్సిన మగవాళ్లు కొబ్బరి నీడల్లో కూర్చుని పేకాట ఆడుతున్నారు. సముద్రం చాలా ప్రశాంతంగా, తన గురించి ఎవరో ఏదో రాశారన్న సంగతే తెలియనట్టు ఉంది.

బంగారమ్మ ఒడ్డున ఎండు చేపలు ఆరబోస్తోంది. వెన్ను నిటారుగా ఉన్న మనిషి. అల్లుణ్ణి చూసి, నన్ను చూసి, “ఈయనేనేటి నీకు నేర్పినోడు?” అంది. అల్లుడు తలూపాడు. “మొన్నటి ముక్క కూడా ఈయనే నేర్పేడా?” అంది. కాదని నేనే గబగబా చెప్పాను.

ఆవిడ వెంట నడిచాం. ఆవిడ అత్తగారు కాపరానికొచ్చిన ఇల్లుండే చోటు ఇప్పుడు అలల అవతల ఉంది. తాను కాపరానికి వచ్చిన ఇల్లు సగం పునాది, సగం ఇసక. ఇప్పుడుంటున్న ఇల్లు ఇంకా చాలా వెనక. ఆ వెనక సరుగుడు తోట. పోయిన తుపానులో చెట్లు పడిపోతే ఊళ్లో ఆడవాళ్లు మళ్లీ నాటి, కుండలతో నీళ్లు మోసి బతికించారట. ఇసక తోలుకెళ్లే ట్రాక్టర్లకి అడ్డంగా మొగలి పొదలు పెట్టారు. తోట వెనక మెరక మీద ఊరు కొత్తగా ఇళ్ల స్థలాలు అడుగుతోంది.

“సముద్రం ముందుకొస్తే మేం ఎనక్కి జరుగుతాం” అంది బంగారమ్మ. “దాంతో దెబ్బలాట ఏటి? అదీ మా ఇంటి మనిషే.”

“ఇదంతా రాయలేదేం?” అని లక్ష్మణరావుని మెల్లిగా అడిగాను.

“రాసేను సార్. సరుగుడు తోటా రాసేను, మెరకా రాసేను. ఎప్పటికి ఏటవుతాదో ఎవలికీ కచ్చితంగా తెలీదని కూడా రాసేను. ఆఖరి పేరాలో ఎట్టేను. జాగా సాల్లేదని తీసేసేరు.”

ఆఖరి పేరాలు ఎలా పోతాయో ముప్పై ఏళ్లు డెస్కు మీద కూర్చున్నవాడికి ఎవరూ వివరించనక్కర్లేదు.

అంతలో ఆటో ఒకటి వచ్చి ఆగింది. తెల్ల పంచె, చేతిలో గొడుగు, జేబులో మడతపెట్టిన పేపరు. వచ్చింది ఎవరో నాకు ఎవరూ చెప్పకముందే తెలిసింది. సూరయ్య. వాతావరణం గురించి బాగా తెలిసిన పెద్దాయన గుంటూరు నుంచి వస్తున్నాడు, ఆయన్నే అడుగుదువు గాని రమ్మని లక్ష్మణరావు ఫోను చేసి పిలిపించాడట. ఆ పెద్దాయనకి మాత్రం చెప్పలేదు. ఆ పెద్దాయన నేను.

“ముందే సెప్తే మీరు రారని సార్” అన్నాడు. అతను మంచి విలేకరి అవుతాడని అప్పుడే నమ్మకం కుదిరింది.

పందిరి కింద కుర్చీలు వేశారు. బంగారమ్మ స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి సూరయ్య పక్కన బల్ల మీద పెట్టింది. ఆయన దానివైపు చూడలేదు. పార్వతి నా చెవి దగ్గర, “మా ఇళ్లల్లో పిల్ల తండ్రి మాట ఖాయమయ్యేవరకు పిల్లోడింట నీళ్లు ముట్టడు సార్” అంది. ఎండ మండిపోతోంది. ఆయన పెదాలు ఎండి ఉన్నాయి. గ్లాసు చుట్టూ నీటి చుక్కలు పడుతున్నాయి. విలేకరులందరూ పుస్తకాలు మూసి గ్లాసునే చూస్తున్నారు. పెళ్లికొడుకు రాజు దూరంగా పడవకు ఆనుకుని నిలబడి, లేని వలని బాగుచేస్తున్నాడు.

సూరయ్య జేబులోంచి పేపరు తీసి మోకాలి మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగింది.

“బాబూ, నువ్వు సదువుకున్నోడివి. నాకు అంకెలొద్దు, ఇంగిలీషొద్దు. ఒక్క మాట సెప్పు. నా కూతురు ఉన్నంతకాలం ఈ ఊరు ఉంటాదా, ఉండదా?”

నాకు ఈ విషయం మీద గంటన్నర ప్రసంగం ఉంది. బొమ్మలతో సహా. మధ్యలో రెండు హాస్యాలు కూడా ఉన్నాయి. అదంతా ఆ ముసలాయన ముఖం ముందు ఎక్కడికో పోయింది.

“సముద్రం ముందుకొస్తున్న మాట నిజమే” అన్నాను. “వీళ్లు చెట్లు పెట్టుకున్నారు, మెరకకు జరుగుదామని చూస్తున్నారు. గోడ వస్తుందో రాదో, వస్తే ఆపుతుందో లేదో... ఎప్పటికి ఏమవుతుందో నాకు తెలీదు.”

“ఎవలికి తెలుసు?”

“ఇన్నాళ్లు ఉంటుందని ఖాయంగా చెప్పగలిగిన మనిషి నాకైతే ఎవరూ కనబడలేదు.”

“తెలీదా?”

“తెలీదు.”

ఇలాంటి చోట నిశ్శబ్దం గురించి రాయడం అలవాటు. కానీ అక్కడ నిశ్శబ్దం ఏమీ లేదు. కాకులు ఎండు చేపల మీద వాలుతున్నాయి, బంగారమ్మ “హుస్, హుస్” అంటోంది. నేను మాత్రం నా పాఠాలన్నీ ఒక్క మాటతో నీళ్లలో కలిపేశానని, ఒక కుర్రాడి పెళ్లి కూడా అందులోనే కలిపేశానని అనుకున్నాను.

సూరయ్య పేపరు మళ్లీ మడత పెట్టాడు.

“మా ఊరూ ఒడ్డునే ఉన్నాది బాబూ” అన్నాడు. “పోయిన తుపానుకి మా ఇంటి ఎనకమాల గోడ పోనాది. దాని గురించి ఎవడూ పేపర్లో రాయనేదు. రాయనేదు కాబట్టి మా ఊరు గట్టిదనుకున్నాను.” పేపరు జేబులో పెట్టుకున్నాడు. “పిల్ల నిన్న రాత్రి అడిగింది. నాయినా, ఆల ఊరు పోతాదని పేపరోడు సెప్పేడు, మన ఊరు పోదని ఎవడు సెప్పేడు అని.”

గొడుగు కింద పెట్టాడు. తరవాత, ఏదో గుర్తొచ్చినట్టు, బల్ల మీది గ్లాసు అందుకుని, ఎత్తి పట్టుకుని గొంతులో పోసుకున్నాడు. మొత్తం తాగేశాడు.

“ఓలప్పా,” అన్నాడు బంగారమ్మతో, “ఇంకో గలాసుడు నీళ్లియ్యి. ఎండకి పేనం పోతన్నాది.”

పార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పడవ దగ్గర రాజు లేని వలని కింద పడేశాడు. చీపురుపల్లి సీనియర్ విలేకరి, పదుల కొద్దీ ఎన్నికలు చూసిన మనిషి, కళ్లు తుడుచుకుని, ఇసక పడిందని అందరికీ చెప్పాడు. పార్వతి రెండో గ్లాసు తెస్తూ తెస్తూ మొగుడి ముందు ఆగి, “నీకూ కావాలా?” అంది. నా ద్వారా కాదు. నా ఉద్యోగం అక్కడితో పోయింది. ఏ ఉద్యోగం పోయినప్పుడూ నాకు అంత సంతోషం కలగలేదు.

వ్యానులోంచి నా శాలువాలు తెప్పించాను. ఒకటి సూరయ్యకు కప్పాం. ఆయన మూడు నిమిషాలు భరించి, తీసి దాంతో మొహం తుడుచుకోబోయి, “ఇదేటి, సెమట పట్టదు?” అన్నాడు. ఆ మాట పైకి అన్న మొదటి మనిషి ఆయనే. నా పొందూరు కండువా తీసి ఆయన భుజం మీద వేశాను. కొనుక్కున్నాక నేను దాన్ని వాడుకున్నది రెండు రోజులే, అయినా బెంగ లేదు. మిగతా శాలువాలు బంగారమ్మ తీసుకుని ఎండు చేపల మీద పరిచింది. బంగారు అంచులు ఎండలో తళతళలాడాయి. కాకులు భయపడి ఎగిరిపోయాయి. ఇన్నేళ్ల సన్మానాల్లో ఒక శాలువా పనికిరావడం నేను కళ్లారా చూసింది అదొక్కసారే. ఇంటికి ఉత్త చేతులతో వెళితే మా ఆవిడ నన్ను కొత్తగా చూసింది.

మధ్యాహ్నం అన్నాలు అక్కడే. సూరయ్య నా పక్కనే కూర్చుని, తన విస్తరిలోని మామిడి టెంక తీసి నా విస్తరిలో వేశాడు. ఎవరో పెద్దవాళ్లు నా విస్తరిలో ఏదైనా వేసి చాలా ఏళ్లయింది. అప్పుడు థ్యాంక్స్ చెప్పలేదు, ఆ ఊళ్లో ఆ మాటకు వాడుక లేదు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

తిన్నాక పందిరి కిందే విలేకరులు వార్త రాయడానికి కూర్చున్నారు. లక్ష్మణరావు ఈసారి సరుగుడు తోటతో మొదలుపెట్టాడు. ‘ఎప్పటికి ఏమవుతుందో ఎవరికీ ఖాయంగా తెలియదు’ అన్న వాక్యం రెండో పేరాలోకి తెచ్చాడు, కత్తెర అంత దూరం రాదని. గోడ అడుగుతున్న సంగతీ రాశాడు, మెరక స్థలాల సంగతీ రాశాడు. చదివి వినిపించాడు. నేను దిద్దడానికి ఏమీ లేకపోయింది; అలవాటు కొద్దీ ఒక కామా పెట్టాను.

“ఫొటో ఒకటి కావాల అత్తా” అన్నాడు, సెల్లు తీసి. “తోట దగ్గర నిలబడు.”

బంగారమ్మ చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, తోట ముందు నిలబడింది. ఒక పక్క సముద్రం, ఒక పక్క మెరక, వెనక ఇళ్లు. అల్లుడు సెల్లు ఎత్తాడు. ఆవిడ కుడి చెయ్యి పైకి లేపబోయి, మధ్యలో ఆపి, అతన్నీ నన్నూ కలిపి ఒక చూపు చూసింది.

“ఏలు ఎటేపు సూపించమంటావో ముందే సెప్పు అల్లుడూ” అంది. “ఎటు సూపించినా అటేపు ఇళ్లల్లోనూ పెళ్లికెదిగినోళ్లున్నారు.”